సింగపూర్: అమ్మతో ఐదు రాత్రులు, చేతిలో 70 వేలు. సరిపోతాయా?

సాగరతీరం:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో అమ్మను తీసుకుని విశాఖ నుంచి సింగపూర్ వెళ్దామనుకుంటున్నాను. విమానం టికెట్లు ఆఫర్‌లో దొరికితే కొనేశాను, వాటి బెంగ లేదు. అవి పోగా చేతిలో ఉన్నది 70 వేలు. ఇద్దరికి, ఐదు రాత్రులకు, వీసా నుంచి తిండి దాకా అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. అమ్మకు 62 ఏళ్లు. శాకాహారి. మోకాళ్ల నొప్పులున్నా మెల్లగా నడుస్తుంది. వాళ్ల మేనమామ ఒకాయన ఎప్పుడో అక్కడి ఓడరేవులో పనిచేశారట, ఆయన చెప్పిన కబుర్లు వింటూ పెరిగింది. అందుకే బ్యాంకాక్ చవక కదా అని నలుగురూ అంటున్నా నేను సింగపూరే అంటున్నాను. ప్యాకేజీ వాళ్లు ఒక్క మనిషికే నా బడ్జెట్ దాటి చెప్పారు. ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి, ఏం మానుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పుంగ్గోల్ పంతులు:
సాగరతీరం గారూ, తప్పకుండా తీసుకురండి. నేను ఇక్కడే ఉంటాను. ఊరి నుంచి వచ్చే చుట్టాలకు చెప్పేదే మీకూ చెబుతాను. ఈ ఊళ్లో జేబు ఖాళీ చేసేవి రెండే: పడుకోవడానికి గది, టికెట్ పెట్టి చూపించే వినోదాలు. ఈ రెండూ పక్కన పెడితే తిండి, తిరుగుడు, చూడదగ్గ చోట్లు చాలావరకు చవక, లేదంటే ఉచితం. అవి పర్యాటకుల కోసం పెట్టినవి కావు, ఇక్కడి జనం రోజూ వాడుకునేవి. అందుకే ధర పెరగదు, శుభ్రతా తగ్గదు.

హాకర్ సెంటర్ సంగతే చూడండి. ఒకప్పుడు రోడ్ల పక్కన బండ్లు పెట్టుకుని అమ్ముకునేవాళ్లందరికీ 1970ల నుంచి ప్రభుత్వమే కుళాయి, మురుగునీటి కాలువ, కరెంటు ఉన్న చావిళ్లు కట్టించి అందులోకి మార్చింది. ఇప్పుడవి ఊరంతా వందకు పైగా ఉన్నాయి. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆఫీసరూ అక్కడే తింటాడు, కూలీ అక్కడే తింటాడు. సర్వీస్ చార్జీ ఉండదు. ఏసీ రెస్టారెంట్‌లో మాత్రం మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే ఆగండి. పది శాతం సర్వీస్ చార్జీ, ఆ మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్టీ పడతాయి. 20 సింగపూర్ డాలర్ల భోజనం 24 అవుతుంది.

గది లిటిల్ ఇండియాలోనే చూసుకోండి. మన తిండి దొరుకుతుందని మాత్రమే కాదు. అక్కడి మెట్రో స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి. డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే ఒకవైపు బొటానిక్ గార్డెన్స్, మరోవైపు మెరీనా బే దగ్గరి బేఫ్రంట్. నార్త్ ఈస్ట్ లైన్ ఎక్కితే చైనాటౌన్, సెంటోసా దీవి దగ్గరి హార్బర్‌ఫ్రంట్. మీరు చూడాల్సినవాటిలో సగానికి పైగా రైలు మారకుండానే అయిపోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. స్టేషన్లన్నిటికీ లిఫ్టులుంటాయి.

జమాఖర్చు:
లెక్క నేను వేస్తాను. డాలరుకు 70 రూపాయలు పట్టుకుంటే మీ 70 వేలు వెయ్యి డాలర్లు. వీసా ఫీజు మనిషికి 30 డాలర్లు, అది గుర్తింపు ఉన్న ఏజెంట్ ద్వారా వేయించుకోవచ్చు, వాళ్ల రుసుము కలుపుకుని ఇద్దరికీ 80 అనుకుందాం. గది రోజుకు వంద చొప్పున 500. తిండి ఇద్దరికీ కలిపి రోజుకు 36 వేస్తే ఆరు పగళ్లకు సుమారు 220. మెట్రో, బస్సులకు 75. మొత్తం 875. మిగిలేది 125. అంటే సరిపోతాయి, కానీ టాక్సీలకు, టికెట్లకు చేతులు చాపితే సరిపోవు.

గది బుక్ చేసేటప్పుడు యాప్‌లో మొదట కనిపించే ధర చూసి సంతోషపడకండి. చివరి పేజీలో పన్నులు కలిశాక ఎంతవుతుందో చూసి పోల్చుకోండి. చవక గదుల్లో కొన్నిటికి కిటికీ ఉండదు, ఆ మాట చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మీకు పర్వాలేదనిపించినా అమ్మగారికి ఊపిరాడనట్టుంటుంది. పది డాలర్లు ఎక్కువైనా కిటికీ ఉన్నదే తీసుకోండి.

రెండోక్లాసు:
అక్కా, మాది వరంగల్. నేను ఇంజినీరింగ్ అయిపోంగనే ఒక్కన్నే పోయిన. లావెండర్ దిక్కు అరల లెక్క పడకలుండే కాప్స్యూల్ హాస్టల్ల ఉన్న, రాత్రికి 30 డాలర్లకే అయింది. మస్తు నీట్‌గుంటది, లాకరిస్తరు, పొద్దుగాల బ్రెడ్డు, చాయ్ గూడ పెట్టిండ్రు. ఇద్దరికి 60 అయితది, నీకు రోజుకు 40 మిగులుతయి గద. ఇంకో ముచ్చట, జొహోర్ బహ్రులో రూమ్ తీసుకుంటే ఇంకా సస్త. అది మలేషియా, బ్రిడ్జి దాటితే అయిపాయె. మస్తుమంది మలేషియావోళ్లు రోజూ అటుకెల్లి సింగపూర్‌ల కొలువులకు వస్తరు.

పుంగ్గోల్ పంతులు:
తమ్ముడూ, ఒంటరి కుర్రాడికి నీ సలహా బాగుంది. అమ్మతో వెళ్లేవాళ్లకు మాత్రం రెండూ వద్దంటాను.

కాప్స్యూల్లో పైఅర దొరికితే నిచ్చెన ఎక్కాలి. బాత్రూమ్ హాలు చివర ఉంటుంది. రాత్రి రెండుసార్లు లేచే వయసు వాళ్లకు అది శిక్ష.

జొహోర్ సంగతి ఇంకొంచెం వివరంగా చెబుతాను, చాలామంది ఈ ఆలోచనతో వస్తారు. వంతెన పొడవు కిలోమీటరే. కానీ రెండు వైపులా ఇమిగ్రేషన్. బస్సు దిగాలి, వరసలో నిలబడాలి, మళ్లీ బస్సెక్కాలి, అవతల మళ్లీ దిగాలి. ఉదయం పనికొచ్చేవాళ్ల రద్దీలోనో, శుక్రవారం సాయంత్రమో, సెలవు రోజో చిక్కుకుంటే గంటలు పోతాయి. పైగా సింగపూర్‌లోకి అడుగుపెట్టిన ప్రతిసారీ కొత్తగా అరైవల్ కార్డు, అంటే వచ్చేవాళ్లు ముందుగా ఇచ్చే వివరాల పత్రం నింపాలి, మీ వీసా ఒక్క ప్రవేశానికే ఇచ్చి ఉంటే మొదటి రోజుతోనే కథ ముగుస్తుంది. రోజుకు మూడు నాలుగు వేలు మిగిల్చుకోవడానికి సగం రోజు ఇవ్వడం నా దృష్టిలో లాభం కాదు.

రెండోక్లాసు:
సరే పంతులుగారు, అమ్మ ఉన్నప్పుడు మీరన్నదే కరెక్ట్. దోస్తులతోటి పోయేటోళ్లకు మాత్రం హాస్టలే బెస్ట్ అని నేనంట. అక్కా, ఒక్కటి యాదుంచుకో. కారు రేసు, అదే ఫార్ములా వన్ ఉన్న వారంల పోతే హాస్టల్ రేట్లు సుత ఆకాశంల ఉంటయి. నువ్వు ఫిబ్రవరి అన్నవు గాబట్టి బాధ లేదు.

గోదారిబిడ్డ:
ఫిబ్రవరి అంటే చైనీస్ కొత్త సంవత్సరం చూసుకోవాలమ్మా. ఏడాదిని బట్టి జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ రెండు మూడు రోజులు హాకర్ సెంటర్లలో చైనీస్ స్టాళ్లు చాలావరకు మూసేస్తారు. లిటిల్ ఇండియాలో తిండికి లోటుండదు. కానీ పండక్కి ముందు వారాల్లో చైనాటౌన్ వీధి నిండా దీపాలు కట్టి ఉంటాయి, సాయంత్రం అలా నడిచి చూడటానికి పైసా అక్కర్లేదు.

నేను పిల్లల్ని, అత్తగారిని తీసుకెళ్లాను. తిండి విషయంలో మా అత్తగారు మీ అమ్మగారి లాగే. లిటిల్ ఇండియాలోని టెక్కా అనే హాకర్ సెంటర్‌లో దోసెలు, ఇడ్లీలు, పూరీలు అన్నీ ఉన్నాయి, దోసె మూడు నాలుగు డాలర్లలో వస్తుంది. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది. అన్నం భోజనం కావాలంటే అక్కడికి వెళ్లండి, హాకర్ ధర కాదు కానీ పెద్దవాళ్లు తృప్తిగా తింటారు. చైనీస్ స్టాల్‌లో మాత్రం "కూరగాయలే" అని చెప్పినా నమ్మకండి. ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ వేస్తారు, సంబల్ అనే కారం ముద్దలో ఎండురొయ్యల ముద్ద ఉంటుంది. పక్కా శాకాహారం అని బోర్డు ఉన్న చైనీస్ స్టాళ్లు వేరే ఉంటాయి. మిడిల్ రోడ్డులో ఫార్చూన్ సెంటర్ అనే పాత భవనం నిండా అలాంటివే.

దానికి దగ్గర్లోనే వాటర్‌లూ వీధిలో శ్రీకృష్ణుడి గుడి, చైనా వాళ్ల క్వాన్ ఇమ్ అమ్మవారి గుడి పక్కపక్కన ఉన్నాయి. చైనీస్ ముసలమ్మలు ఆ గుడిలో మొక్కుకుని, అదే అగరొత్తులతో మన కృష్ణుడి ముందుకొచ్చి దణ్ణం పెట్టుకుంటారు. మా అత్తగారు అక్కడి నుంచి కదలనంటే కదలనన్నారు. మీ అమ్మగారికి తప్పకుండా చూపించండి.

సాగరతీరం:
గోదారిబిడ్డ అక్కా, ఆ గుళ్ల సంగతి చదివి వినిపించాను, అమ్మ అప్పుడే సిద్ధమైపోయింది! ఇంకో సందేహం. పులిహోర పొడి, కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్తే విమానాశ్రయంలో ఆపుతారా? ఒక పూట గదిలో తింటే ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది కదా.

పుంగ్గోల్ పంతులు:
సొంతానికి కొద్దిగా పొడులు, పచ్చడి తెచ్చుకోవచ్చు. ఆవకాయ చేతిసంచిలో కాదు, చెక్-ఇన్ సామానులో గట్టిగా ప్యాక్ చేసి పెట్టండి. ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. గసగసాలు ఇక్కడ నిషేధం. మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తాయి. గసగసాలు పడిన మసాలా పొడి ఏదైనా ఉంటే ఇంట్లోనే వదిలేయండి. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్, చూయింగ్ గమ్ తేకూడదు. సిగరెట్లకు డ్యూటీ మినహాయింపు లేదు, ఒక్క ప్యాకెట్ అయినా చెప్పి పన్ను కట్టాల్సిందే.

అరైవల్ కార్డు ఇమిగ్రేషన్ వాళ్ల అధికారిక సైట్‌లో ఉచితం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు నింపాలి. వెతికితే డబ్బులడిగే సైట్లు ముందు కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు. పాస్‌పోర్టులకు ఇంకా ఆరు నెలల గడువుందో లేదో ఇవాళే చూడండి.

నీళ్లు కొనకండి. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. రెండు ఖాళీ సీసాలు తెచ్చుకుని గదిలోనూ, పార్కుల్లోని కుళాయిల దగ్గరా నింపుకోండి. ఈ ఎండకు, ఉక్కకు ఇద్దరికీ రోజుకు నాలుగైదు సీసాలు పడతాయి. ఒక్కో సీసా ఒకటి రెండు డాలర్లు. ఆరు రోజులకు లెక్క జమాఖర్చు గారే వేస్తారు.

జమాఖర్చు:
తక్కువలో తక్కువ 24 డాలర్లు మిగులుతాయి. పంతులుగారూ, మెట్రోకి మన బ్యాంకు కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలంటారు, నిజమేనా? విదేశీ కార్డుకు అదనంగా ఏమైనా పడుతుందా?

పుంగ్గోల్ పంతులు:
తాకిస్తే చాలు. విదేశీ కార్డైతే వాడిన రోజుకు 60 సెంట్లు అదనం, మీ బ్యాంకు మార్పిడి రుసుము వేరే. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు, అమ్మగారికి ఇంకో కార్డు కావాలి. అది లేకపోతే స్టేషన్‌లో ఈజీ-లింక్ కార్డు కొనండి. పది డాలర్లలో ఐదు కార్డు ఖరీదు, ఐదు ప్రయాణానికి. చార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. దగ్గరి ప్రయాణం డాలరున్నర లోపే, ఊరికి ఆ చివర నుంచి ఈ చివరికి వెళ్లినా రెండున్నర చుట్టుపక్కలే. బస్సు దిగి 45 నిమిషాల్లోపు మెట్రో ఎక్కితే రెండూ ఒకే ప్రయాణంగా లెక్క. అందుకే బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం తప్పనిసరి, లేదంటే చివరి స్టాపు దాకా చార్జీ పడుతుంది. బస్సులో డబ్బులిస్తే చిల్లర వెనక్కి రాదు.

మోకాళ్లు నొప్పెట్టిన పూట డబుల్ డెక్కర్ బస్సు ఎక్కించండి. మెట్లు ఎక్కగలిగితే పైన ముందు సీట్లో, లేదంటే కింద కిటికీ పక్కన. టూర్ బస్సు చూపించేదంతా మామూలు బస్సులోంచే కనబడుతుంది.

నడకదారి:
ఉచితంగా చూడదగ్గవి నేను చెబుతాను, ఈ ఊరి మీద నాకున్న ఇష్టమంతా వాటి వల్లే. మొదటిది సదరన్ రిడ్జెస్. మౌంట్ ఫేబర్ నుంచి కొండల మీదుగా పది కిలోమీటర్ల దారి. మధ్యలో హెండర్సన్ వేవ్స్ అని కెరటాల్లా వంపులు తిరిగిన చెక్క వంతెన, రోడ్డుకు 36 మీటర్ల ఎత్తున ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు అక్కడికి చేరండి.

ఇంకా పులావ్ ఉబిన్. చాంగీ పాయింట్ నుంచి చిన్న పడవ, మనిషికి నాలుగు డాలర్లు. 12 మంది పోగయ్యాక కదులుతుంది. అవతల పాత పల్లె, మట్టిదారులు, మడ అడవులు. ఆకాశహర్మ్యాల ఊరు కట్టకముందు ఈ దేశం ఎలా ఉండేదో అక్కడ తెలుస్తుంది.

సాగరతీరం:
వినడానికే బాగుందండీ, కానీ అమ్మ పది కిలోమీటర్లు నడవలేదు. ఒక కిలోమీటరు నడిస్తే పది నిమిషాలు కూర్చోవాలి.

నడకదారి:
అయితే దారి మారుద్దాం. రిడ్జెస్ మొత్తం వద్దు. ఉబిన్ కూడా వద్దు, పడవ ఎక్కి దిగడం కష్టం. బొటానిక్ గార్డెన్స్‌కు ఉదయం ఏడింటికే వెళ్లండి. 1859లో పెట్టిన తోట, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది. ప్రవేశం ఉచితం, తెల్లవారుజామున ఐదింటికే తెరుస్తారు. స్టేషన్ నుంచి పైకి రాగానే గేటు. అడుగడుగునా బెంచీలున్నాయి. లోపల ఆర్కిడ్ తోటకు ఒక్కదానికే టికెట్. అది మానేసినా అసలు తోటలోనే మహావృక్షాలు, కొలను, హంసలు ఉన్నాయి. తొమ్మిదిన్నరకల్లా ఎండ ముదురుతుంది, అప్పటికి బయటపడండి.

మధ్యాహ్నం ఎండ వేళకు మాక్స్‌వెల్ రోడ్డులో సిటీ గ్యాలరీ చూపించండి. ఉచితం, ఏసీ ఉంటుంది, ఆదివారం సెలవు. ఊరి మొత్తానికీ నమూనా కట్టి పెట్టారు. అమ్మగారి మేనమామ పనిచేసిన ఓడరేవు ఎక్కడుండేదో, సముద్రాన్ని పూడ్చి ఊరు ఎంత ముందుకు జరిగిందో ఆ నమూనా ముందు నిలబడి చూపించవచ్చు. ఆవిడకు ఊరు దగ్గరవుతుంది. అక్కడి నుంచి సౌత్ బ్రిడ్జి రోడ్డులో మారియమ్మన్ గుడి కొద్ది దూరమే. 1827 నాటిది, ఈ దేశంలో అన్నిటికంటే పాత హిందూ దేవాలయం.

గోదారిబిడ్డ:
మెరీనా బే సాయంత్రం ఎవరూ చెప్పలేదేం? గార్డెన్స్ బై ద బేలో బయటి తోట ఉచితం. అక్కడ చెట్ల ఆకారంలో కట్టిన సూపర్‌ట్రీల కింద 7.45కి, 8.45కి దీపాలు, సంగీతంతో ప్రదర్శన, అదీ ఉచితమే. గట్టు మీద కొంగు పరుచుకుని పడుకుని పైకి చూడాలి. ఆ తర్వాత వంతెన దాటి అవతలికొస్తే మెరీనా బే శాండ్స్ హోటల్ ముందు నీళ్ల మీద రంగుల ప్రదర్శన తొమ్మిదింటికి. రెండూ ఒకే సాయంత్రం అయిపోతాయి. మధ్యలో నడక ఉంది కాబట్టి అమ్మగారిని 7.45 ఆట కాగానే మెల్లగా బయల్దేరదీయండి.

ఇక్కడ పంతులుగారితో ఒక్క మాట విభేదిస్తాను. టికెట్లన్నీ మానుకోమనడం నాకు నచ్చదు. పెద్దవాళ్లను అంత దూరం తీసుకెళ్లి, గాజుమేడను బయటి నుంచే చూపించి తీసుకొస్తే మనసు ఒప్పుకోదు. ఒక్కటి కొనండి. ఆ తోటలోనే ఉన్న గాజుమేడ, క్లౌడ్ ఫారెస్ట్. లోపల 35 మీటర్ల జలపాతం, మంచు పొగ, పూలు. పైకి లిఫ్టులో వెళ్లి కిందికి ఏటవాలుగా నడుచుకుంటూ రావడమే, మోకాళ్ల మీద భారం పడదు. చల్లగా ఉంటుంది, శాలువా పెట్టుకోండి.

పుంగ్గోల్ పంతులు:
ఒప్పుకుంటున్నానమ్మా. నేనన్నది అన్నీ కొనొద్దని. జమాఖర్చు గారు మిగిల్చిన 125లో అది సరిపోతుంది, టికెట్ అధికారిక సైట్‌లో చూసి కొనండి. యూనివర్సల్ స్టూడియోస్‌కు మాత్రం వద్దనే అంటాను. అక్కడి ఆటలు అమ్మగారు ఎక్కలేరు, ఎక్కనివాళ్లకూ అదే టికెట్. సెంటోసా చూడాలనుంటే హార్బర్‌ఫ్రంట్ నుంచి బోర్డ్‌వాక్ మీదుగా ఉచితంగా నడిచి వెళ్లొచ్చు. నడవలేకపోతే మోనోరైలు నాలుగు డాలర్లు, తిరుగు ప్రయాణం ఉచితం. లోపల బస్సులూ, సముద్రతీరమూ ఉచితమే. అయినా విశాఖ వాళ్లకు ఆ బీచ్ నేను చూపించక్కర్లేదు. సమయం తక్కువైతే వదిలేయండి.

రెండోక్లాసు:
అక్కా, పైసలు మార్చుడు ఎయిర్‌పోర్టుల వద్దు. లిటిల్ ఇండియాల ముస్తఫా షాపు చుట్టూ మనీ చేంజర్లు వరుసగుంటరు, నలుగురిని అడిగి మార్చుకో. మొదటి రోజుకు మాత్రం ఓ యాభై డాలర్లు ఇక్కడ్నే తీస్కపో. హాకర్ సెంటర్ల తిన్నంక ప్లేట్లు మనమే తీసి స్టాండుల పెట్టాలె, అది రూల్. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ సీటు ఎవలో ఆపుకున్నట్టు, కూసోకు. మెట్రోల ఏం తినకు, నీళ్లు సుత తాగకు, 500 డాలర్ల దాకా ఫైనేస్తరు.

సాగరతీరం:
అందరికీ చేతులెత్తి దండం. లిటిల్ ఇండియాలో కిటికీ ఉన్న గది ఒకటి, పన్నులతో కలిపి 96 డాలర్లకు దొరికింది. రద్దు చేసుకునే వీలుతో పెట్టాను. క్లౌడ్ ఫారెస్ట్ ఒక్కటే టికెట్. ఉదయాలు తోటలు, గుళ్లు. మధ్యాహ్నాలు గదిలో విశ్రాంతి. సాయంత్రాలు మెరీనా బే, చైనాటౌన్. చివరిగా ఒక్కటి అడుగుతాను. మా విమానం తెల్లవారుజామున దిగుతుంది, గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. అంతసేపు అమ్మను ఎక్కడ కూర్చోబెట్టను?

పుంగ్గోల్ పంతులు:
చాంగీ విమానాశ్రయంలోనే. తొందరపడి బయటికి రావద్దు. ఒకటో టెర్మినల్‌లో దిగితే పక్కనే జ్యూయెల్ అనే మాల్, మిగతా టెర్మినళ్ల నుంచీ దారి ఉంది. లోపల 40 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి, ప్రవేశం ఉచితం. జలపాతం వదిలే వేళలు ఉంటాయి, పొద్దున్నే పొడిగా కనిపిస్తే నిరాశపడకండి. మొహం కడుక్కుని, కాఫీ తాగి, తొమ్మిది దాటాక బయల్దేరితే ఆఫీసు రద్దీ కూడా తగ్గుతుంది.

మెట్రో స్టేషన్ రెండు, మూడు టెర్మినళ్ల మధ్య ఉంది. చాంగీ నుంచి ఒక్క స్టేషన్ వెళ్లి ఎక్స్‌పోలో డౌన్‌టౌన్ లైన్‌కు మారండి, జలన్ బెసార్‌లో దిగండి. అదే లైన్ లిటిల్ ఇండియాకూ వెళ్తుంది కానీ ఊరంతా చుట్టి వెళ్తుంది, సామాను లేకపోతే జలన్ బెసార్ నుంచి నడిచేయడమే మేలు. సూట్‌కేసులుంటే నడవకండి, చివరి ముక్క బస్సులోనో టాక్సీలోనో వెళ్లండి, అమ్మగారి కోసం ఆ ఏడెనిమిది డాలర్లు ఖర్చుపెట్టండి. సామాను హోటల్ కౌంటర్‌లో పెట్టుకుంటారా అని మెయిల్ చేసి అడగండి, చాలామంది ఉచితంగానే పెట్టుకుంటారు. అక్కడి నుంచి ఖాళీ చేతులతో టెక్కా సెంటర్‌కు వెళ్లి ఇడ్లీ తిని, సెరంగూన్ రోడ్డులో వీరమాకాళియమ్మన్ గుడికి వెళ్లండి. మధ్యాహ్నం కొన్ని గంటలు గుడి తలుపులు మూస్తారు, కాబట్టి ముందు దర్శనం చేసుకుని ఆ తర్వాత తిన్నా మంచిదే.

గోదారిబిడ్డ:
గొడుగు మర్చిపోకమ్మా. ఫిబ్రవరిలో వానలు కొంచెం తగ్గుతాయి కానీ అక్కడ చెప్పి రాదు వాన. అమ్మగారి మందులు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టు.